గూటికి అందే దూరంలో చేప

పఫిన్ పక్షి సముద్రం మీంచి ఎగిరొచ్చి తన బొరియ ముందు వాలినప్పుడు దాని ముక్కును దగ్గరగా చూడాలి. సన్నటి వెండి రంగు చేపలు పదో పన్నెండో అడ్డంగా ఇరుక్కుని, రెండు పక్కలా మీసాల్లా వేలాడుతూ ఉంటాయి. నోట్లో అన్ని చేపలు ఉండగానే నీళ్ల కింద ఇంకో చేపను అది ఎలా పట్టింది? పట్టిన చేపలను గరుకు నాలుకతో అంగిట్లోని ముళ్లకు అదిమి పెట్టి, ముక్కు మళ్లీ తెరుస్తుంది. పాతవి జారిపోవు, కొత్తది చేరుతుంది. మామూలుగా పది దాకా తెస్తుంది. ఒక్క విడతలో 60కి పైగా తెచ్చిన సందర్భాలు కూడా నమోదయ్యాయి.

స్కాట్లాండ్ తూర్పు తీరానికి దగ్గర్లో ఐల్ ఆఫ్ మే అనే చిన్న దీవి ఉంది. అక్కడి పరిశోధకులు పఫిన్లు పిల్లలకు తెచ్చే చేపలను 1973 నుంచి కొలుస్తూ వస్తున్నారు. బొరియ దగ్గర వలకు తగిలిన పక్షి ముక్కులోని చేపలను వదిలేస్తుంది. వాటిని ఏరడం, పొడవు కొలవడం, రాసుకోవడం. చూడ్డానికి ఇంతే పని. కానీ ఏళ్ల తరబడి ఓపిగ్గా చేసేసరికి ఒక విషయం బయటపడింది. ఆ ఏడాదే పుట్టిన శాండ్‌ఈల్ చేప, ఒకప్పుడు ఫలానా తేదీకి ఎంత పొడవు ఉండేదో ఇప్పుడు అంత ఉండటం లేదు. చేప పొడవు కొంచెం తగ్గితే బరువు అంతకంటే చాలా ఎక్కువ తగ్గుతుంది. పఫిన్ పిల్ల ఆకలి మాత్రం తగ్గలేదు.

సముద్ర పక్షుల గురించి మాట్లాడేటప్పుడు 'చేపలు తగ్గాయి, అందుకే పక్షులూ తగ్గాయి' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. అది అబద్ధం కాదు గానీ అసలు సంగతి అందులో జారిపోతుంది. సముద్రం మొత్తంలో ఎన్ని లక్షల టన్నుల చేప ఉందన్నది పక్షికి పనికిరాని లెక్క. గూటి నుంచి పోయి రాగలిగే దూరంలో, తాను మునగగలిగే లోతులో, పిల్ల పెరిగే ఆ కొద్ది వారాల్లో, పిల్ల గొంతులో పట్టే సైజులో, ఒంట్లో తగినంత కొవ్వుతో ఉన్న చేప ఎంత? పక్షి బతుకు ఈ లెక్క మీద నడుస్తుంది. వేటకు కోటాలు నిర్ణయించే లెక్క మాత్రం చాలా చోట్ల ఇంకా టన్నుల దగ్గరే ఆగిపోయింది. గొడవంతా ఈ రెండు లెక్కల మధ్య తేడాలోనే ఉంది.

సన్నటి నడుము

లోతుల్లోని పోషకాలు పైకి ఎగదన్నుకొచ్చే చల్లని సముద్రాల్లో ఆహారపు అల్లికకు ఒక వింత ఆకారం ఉంటుంది. అడుగు మెట్టున ప్లవకాల, అంటే నీటిలో తేలే అతి చిన్న జీవుల, జాతులు లెక్కలేనన్ని. పైన చేపలు తిని బతికే జీవులు కూడా చాలా రకాలే: పక్షులు, సీళ్లు, తిమింగలాలు, ట్యూనాలు, కాడ్ చేపలు. మధ్యలో ఉండే చిరుచేపల జాతులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కింద తయారైన శక్తిలో చాలా భాగం ఆ ఒకటి రెండు జాతుల గుండానే పైకి పోవాలి. శాస్త్రవేత్తలు ఈ ఆకారాన్ని కందిరీగ నడుముతో పోలుస్తారు. పెరూ తీరంలో ఆ నడుము యాంకోవెటా, అంటే నెత్తళ్లలో ఒక జాతి. ఆఫ్రికా నైరుతి తీరాన ప్రవహించే బెంగ్వేలాలో సార్డైన్లు, నెత్తళ్లు. నార్త్ సీలో శాండ్‌ఈల్. బారెంట్స్ సముద్రంలో, న్యూఫౌండ్‌లాండ్ చుట్టూ కేపెలిన్. అంటార్కిటికా చుట్టూ ఆ పని చేసేది చేప కాదు, రొయ్యలాంటి క్రిల్.

ఇవన్నీ గుంపులుగా తిరిగేవి, త్వరగా పెరిగి త్వరగా చచ్చేవి. చాలావాటికి ఒంట్లో నూనె ఎక్కువ. పక్షికి ఇవి ప్రాణంతో సమానం కావడానికి కారణం ఆ నూనే. మనుషులు పెద్ద పడవలేసుకుని వీటి వెంట పడటానికీ అదే కారణం. పట్టిన చిరుచేపల్లో చాలా భాగం ఎవరి కంచంలోకీ రాదు. పొడిగా, నూనెగా మారి పెంపకపు చేపలకు, పశువులకు మేత అవుతుంది.

వేట అసలు లేకపోయినా వీటి సంఖ్య నిలకడగా ఉండదు. నీటి చల్లదనం కొంచెం అటూ ఇటూ అయితే చాలు, కొన్నేళ్లు విపరీతంగా పెరుగుతాయి, కొన్నేళ్లు పాతాళానికి పడిపోతాయి. సముద్ర పక్షులు ఈ ఎత్తుపల్లాలతోనే బతకడం నేర్చుకున్నాయి. 'చేపలు తగ్గడం ప్రకృతి సహజం, మా వలల తప్పేం లేదు' అనే వాదనకు బలం ఇక్కడి నుంచే వస్తుంది. ఆ వాదనలో నిజం సగమే. పడిపోవడం సహజం కావచ్చు. పడిపోయినప్పుడు కూడా అదే జోరుతో పట్టడం సహజం కాదు.

తాడు పొడవు

గుంజకు కట్టిన పశువు తాడు ఉన్నంత మేరే మేయగలదు. గూట్లో పిల్ల ఉన్న సముద్ర పక్షి పరిస్థితి కూడా అదే. మిగతా ఏడాదంతా అది తనకు నచ్చిన నీళ్ల మీద తిరుగుతుంది. ఒక చోట చేప లేకపోతే ఇంకో చోటికి పోతుంది. పిల్ల ఉన్న ఆ కొన్ని వారాలు మాత్రం ప్రతి ముద్దకూ ఇంటికి తిరిగి రావాలి. తాడు పొడవు జాతిని బట్టి మారుతుంది. చిన్న టర్న్ పక్షులు చాలావరకు తీరానికి దగ్గర్లోనే వేటాడతాయి. కిట్టివేక్ పదుల కిలోమీటర్లు పోతుంది. గానెట్ వంద కిలోమీటర్లు దాటి కూడా వెళ్లి వస్తుంది. పెద్ద ఆల్బట్రాస్‌ల ప్రయాణం వేల కిలోమీటర్లు.

దూరంతో పాటు లోతు కూడా ఒక తాడే. కిట్టివేక్, టర్న్ నీటి పైపొరలోని చేపనే అందుకోగలవు, సుమారు మీటరు లోపు. గానెట్ పైనుంచి బాణంలా పడి పది మీటర్ల లోతుకు, ఒక్కోసారి ఇంకా కిందకి దూసుకుపోతుంది. మర్ అనే నలుపు తెలుపు పక్షి రెక్కలతో ఈదుతూ 150 మీటర్లకు మించి మునగగలదు. చేపల గుంపు ఇరవై మీటర్లు కిందకి దిగిందంటే మర్‌కు అది ఇబ్బంది మాత్రమే. కిట్టివేక్‌కు అది కరువు. అందుకే ఒకే కొండచరియ మీద ఒక జాతి గూళ్లు పిల్లలతో కళకళలాడుతుంటే పక్క జాతి గూళ్లు ఖాళీగా కనిపిస్తాయి. ఐల్ ఆఫ్ మే దగ్గరి సముద్రంలో శాండ్‌ఈల్ వేటను 2000లో ఆపేశారు. ఆ తర్వాత స్పష్టంగా మేలు కనిపించింది కిట్టివేక్‌లకే. లోతుకు మునిగే పక్షుల్లో అంత తేడా తేలలేదు.

తాడు ఉన్న మేరలో పక్షులే చేపను ఖాళీ చేసుకునే ప్రమాదం కూడా ఉంది. వేలాది నోళ్లు ఒకే దీవి చుట్టూ మేస్తే దగ్గరి నీళ్లలో చేప పలచబడుతుంది, ఇంకా దూరం పోవాలి, పిల్లకు ముద్ద ఆలస్యమవుతుంది. గూళ్ల స్థావరం ఎంత పెద్దది కాగలదో ఇదే నిర్ణయిస్తుందని ఫిలిప్ ఆష్‌మోల్ 1963లో ప్రతిపాదించారు. దాన్ని ఇప్పుడు ఆయన పేరుతోనే ఆష్‌మోల్ వలయం అంటారు. అట్లాంటిక్ నడిబొడ్డున ఉన్న అసెన్షన్ దీవి చుట్టూ ఎగిరే చేపల సాంద్రతను కొలిచినప్పుడు ఆ వలయం నిజంగానే కనిపించింది. అంటే బాగా నిండిన స్థావరానికి మామూలు రోజుల్లోనే అదనంగా మిగిలేది ఏమీ ఉండదు. ఆ చుట్టుపక్కలకే ఒక పెద్ద పడవ వచ్చి రెండు వారాలు వల వేసిందనుకుందాం. సముద్రం మొత్తం లెక్కలో అది లెక్కలోకి రానంత చిన్న తరుగు. ఆ దీవికి మాత్రం ఆ ఏటి పిల్లలన్నీ పోయినట్టే.

పెరూలో దీన్ని కళ్లకు కట్టినట్టు చూశారు. పెరూవియన్ బూబీ పక్షులకు జీపీఎస్ పరికరాలు కట్టి, వేట సీజన్ మొదలవక ముందు, మొదలైన తర్వాత వాటి ప్రయాణాలను పోల్చారు. పడవలు చుట్టుపక్కల యాంకోవెటాను తోడేసిన కొద్దీ పక్షులు గూటి నుంచి ఇంకా ఇంకా దూరం పోవాల్సి వచ్చింది. ఆ సమయంలో సముద్రం మొత్తంలో ఉన్న చేప పక్షుల అవసరానికి చాలా ఎక్కువే. కాగితం మీద కొరత లేదు. ఉన్నది గూటి దగ్గర.

రెట్టల కొండలు

పెరూ కథ ఇంకొంచెం చెప్పుకోవాలి. పక్షికీ చేపకూ ఉన్న లంకెను మనుషులు డబ్బు రూపంలో చూసిన చోటు అది. గ్వానే నీటికాకులు, బూబీలు, గూడబాతులు వాన పడని ఆ దీవుల మీద వేల ఏళ్లుగా వేసిన రెట్టలు పదుల మీటర్ల ఎత్తున పేరుకున్నాయి. 1840ల నుంచి నాలుగు దశాబ్దాల పాటు వాటిని తవ్వి ఓడలకెత్తి ఎరువుగా అమ్మారు. దేశం ఖజానా దాని మీదే నడిచింది. గుట్టలు తరిగిపోయాక 1909లో ప్రభుత్వం ఒక సంస్థను పెట్టి దీవులను కాపలా కాసింది. పక్షులు మళ్లీ పెరిగాయి. 1950ల మధ్యలో వాటి సంఖ్య 2 కోట్లు దాటింది. రెట్ట అంటే అరిగిపోయిన యాంకోవెటానే కాబట్టి, ఎరువు కావాలంటే చేపను పక్షికి వదలాలని ఆ రోజుల్లో అక్కడి అధికారులు నిజంగానే వాదించారు.

తర్వాత చేపల పొడి పరిశ్రమ వచ్చింది. 1957-58లోనూ 1965లోనూ ఎల్ నినో వచ్చి పక్షులను దెబ్బతీసింది. ఎల్ నినో ఏడాదిలో తీరం దగ్గరి నీళ్లు వేడెక్కుతాయి. చల్లదనం కోసం యాంకోవెటా లోతుకు దిగుతుంది, దక్షిణానికి జరుగుతుంది, మిగిలిన కొద్ది చల్లని నీటి మడుగుల్లో కిక్కిరిసిపోతుంది. బూబీ ముక్కుకు అందని లోతు వలకు మాత్రం అందుతుంది. కిక్కిరిసిన గుంపును పట్టడం పడవలకు ఇంకా తేలిక. ఒకే సంఘటన పక్షికి కరువూ పడవకు పంటా అయింది. గతంలో ఎల్ నినో దాటాక చేప కోలుకునేది, వెనకే పక్షి కోలుకునేది. 1970లో పట్టిన యాంకోవెటా కోటీ 20 లక్షల టన్నులు దాటింది. 1972-73 ఎల్ నినో వచ్చేసరికి చేప కుప్పకూలింది, 1973లో పట్టుబడి 20 లక్షల టన్నులు కూడా లేదు. చేప కొన్ని దశాబ్దాలకు తిరిగొచ్చింది. పక్షులు ఆ పాత సంఖ్యకు మళ్లీ ఎప్పుడూ రాలేదు.

రెట్టలో ఉన్న నత్రజని నేల మీదే ఆగిపోదు. హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల్లో కొన్నింటికి మనుషుల వెంట ఎలుకలు చేరి గుడ్లను, పిల్లలను తినేశాయి. కొన్ని దీవులకు ఎలుకలు చేరలేదు. 2018లో వచ్చిన పరిశోధన ప్రకారం ఎలుకలు లేని దీవుల్లో పక్షుల సాంద్రత 760 రెట్లు ఎక్కువ. ఆ రెట్ట వానకు కొట్టుకుపోయి పగడపు దిబ్బల్లోకి చేరడం వల్ల అక్కడి చేపల మొత్తం బరువు ఎలుకలున్న దీవుల చుట్టూ ఉన్నదాని కంటే దాదాపు సగం ఎక్కువ. పక్షి దూరపు సముద్రం నుంచి మోసుకొచ్చినది తీరపు చేపకు తిండి అయిందన్నమాట.

కడుపు నిండినా ఆకలే

2004 వేసవిలో నార్త్ సీ తీరాల్లో సముద్ర పక్షుల గూళ్లు దారుణంగా విఫలమయ్యాయి. తల్లిదండ్రులు చేపలు తేలేదా అంటే, తెచ్చారు. ఐల్ ఆఫ్ మేలో మర్ పక్షులు తెచ్చిన స్ప్రాట్ చేపలను ప్రయోగశాలలో పరీక్షిస్తే వాటిలో ఉండాల్సిన శక్తి లేదు. చూపుకు చేపే, లోపల కొవ్వు లేదు. మర్ ఒక విడతకు ఒక్క చేపనే తెస్తుంది, తోక బయటికి కనిపించేలా ముక్కులో నిలువుగా పట్టుకుని. ఆ ఒక్క చేప డొల్ల అయితే ప్రయాణమంతా వృథా.

ఆ తర్వాతి రెండు మూడేళ్లలో ఇంకో కొత్త రకం గూళ్లలో కనబడింది. స్నేక్ పైప్‌ఫిష్. పాములా పొడవుగా, గట్టి ఎముక పలకల తొడుగుతో ఉండే చేప. అప్పటిదాకా ఆ సముద్రంలో అరుదైనది ఒక్కసారిగా విపరీతంగా పెరిగింది. పొడవు బాగానే ఉంది కదా అని పెద్ద పక్షులు తెచ్చి పిల్లల నోట్లో పెట్టాయి. అందులో నూనె లేదు, మాంసం లేదు, మెత్తదనం లేదు. పిల్ల మింగలేక, కక్కలేక, గొంతుకు అడ్డం పడి చచ్చిపోయిన గూళ్లు ఉన్నాయి. మింగని పైప్‌ఫిష్‌లు ఎండిన పుల్లల్లా గూళ్ల చుట్టూ పడి ఉండేవి. ఆకలితో ఉన్న పిల్ల, దాని నోట్లో తిండి, ఆ తిండే దాని చావు. 'పక్షులు ఒక చేప లేకపోతే ఇంకో చేప తింటాయిలే' అనే మాట ఎంత తేలికపాటిదో చెప్పడానికి ఈ దృశ్యం చాలు.

దక్షిణాఫ్రికా తీరంలో కేప్ గానెట్‌లకు వేరే రకం మోసం ఎదురైంది. సార్డైన్లు దూరమయ్యాక అవి ట్రాలర్లు పారేసే హేక్ చేపల వ్యర్థాలకు అలవాటు పడ్డాయి. పెద్ద పక్షి వాటితో నెట్టుకురాగలదు. పిల్లలు మాత్రం ఆ తిండితో సరిగ్గా ఎదగలేదు. అలాస్కా జాతి కిట్టివేక్ పిల్లలకు ప్రయోగశాలలో కొవ్వు తక్కువ తిండి పెట్టి చూసినప్పుడు, అవి పెద్దయ్యాక కూడా తిండి ఎక్కడుందో గుర్తుపట్టే పరీక్షల్లో వెనకబడ్డాయి. చిన్నప్పటి పేద తిండి మెదడుకు కూడా దెబ్బే.

చేపల ఒళ్లు ఇంతగా ఎందుకు బక్కచిక్కాయన్న ప్రశ్న మనల్ని నీటిలోకి తీసుకుపోతుంది. శాండ్‌ఈల్ తినేది కలానస్ అనే సూక్ష్మ జీవిని. నార్త్ సీ వేడెక్కిన కొద్దీ కొవ్వు ఎక్కువున్న చల్లనీటి కలానస్ ఉత్తరానికి జరిగింది, దాని స్థానంలో వెచ్చనీటి జాతి వచ్చింది. చేప పుట్టే సమయానికి దాని తిండి అందడం లేదు, పక్షి పిల్ల పుట్టే సమయానికి చేప ఎదగడం లేదు. మూడు గడియారాలు ఒకేలా నడిచేవి, ఇప్పుడు తలో వేగంతో నడుస్తున్నాయి.

ఆలస్యంగా వచ్చే వార్త

చేప తగ్గిన ఏడాది పక్షులు రాలిపోవు. ఇది చాలామందిని తప్పుదోవ పట్టించే విషయం. పఫిన్ ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, కానీ ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతుంది. అలాంటి పక్షికి ఒక ఏటి పిల్ల కంటే తన ప్రాణం ముఖ్యం. తిండి తగ్గితే ముందు తాను ఎక్కువ గంటలు వేటాడుతుంది, విశ్రాంతి తగ్గించుకుంటుంది. ఇంకా తగ్గితే పిల్ల బరువు తగ్గుతుంది. ఇంకా తగ్గితే గూటిని వదిలేస్తుంది. అసలు గుడ్డే పెట్టని ఏళ్లు కూడా ఉంటాయి. పెద్ద పక్షులు చావడం చిట్టచివరి మెట్టు. ఈ మెట్ల వరుసను డేవిడ్ కెయిర్న్స్ 1987లో స్పష్టంగా చెప్పారు: పక్షి జీవితంలోని ఒక్కో కొలత చేపల సమృద్ధిలోని ఒక్కో స్థాయిలో స్పందిస్తుంది. స్థావరంలో తలలు లెక్కపెట్టి 'పర్లేదు, బాగానే ఉన్నాయి' అనుకోవడం అన్నిటికంటే ఆలస్యంగా వచ్చే వార్తను నమ్ముకోవడమే.

ఐల్ ఆఫ్ మేలో 2007లో మర్ పక్షుల గూళ్ల దగ్గర ఈ మెట్లలో ఒకటి విరగడం కనిపించింది. మామూలుగా ఒకరు పిల్ల దగ్గర ఉంటే ఇంకొకరు వేటకు పోతారు. ఆ ఏడాది తిండి చాలక ఇద్దరూ పోవాల్సి వచ్చింది. భుజం భుజం ఆనుకుని ఉండే ఆ చరియల మీద ఒంటరిగా మిగిలిన పిల్లలను పక్క గూటి పెద్ద పక్షులు పొడిచి చంపాయి, కొన్నింటిని చరియ మీంచి తోసేశాయి. ఏ గద్దా రాలేదు. ఆకలి ఇరుగుపొరుగునే శత్రువులను చేసింది.

నార్వేలోని రోస్ట్ దీవుల పఫిన్ల కథ ఇదే సూత్రం దశాబ్దాల పొడవున. దక్షిణాన తీరం వెంట గుడ్లు పెట్టే హెర్రింగ్ చేపల పిల్లలు ప్రవాహంలో ఉత్తరానికి కొట్టుకొస్తూ సరిగ్గా పఫిన్ పిల్లలు పెరిగే వేళకు రోస్ట్ దాటుతాయి. 1960ల చివర్లో మితిమీరిన వేటకు ఆ హెర్రింగ్ కుప్పకూలింది. రోస్ట్‌లో పఫిన్ పిల్లలు ఏటికేడు బొరియల్లోనే చచ్చిపోయాయి. పెద్ద పక్షులు మాత్రం ప్రతి వసంతంలోనూ వచ్చి వాలేవి, కాబట్టి దూరం నుంచి చూస్తే అంతా మామూలుగానే ఉండేది. వాటి స్థానంలోకి వచ్చే కొత్త తరం లేదని సంఖ్యల్లో తెలిసేసరికి చాలా ఆలస్యమైంది.

మెట్లు దిగే వ్యవధి కూడా దొరకని సందర్భాలున్నాయి. బారెంట్స్ సముద్రంలో 1980ల మధ్యలో కేపెలిన్ కూలిపోయినప్పుడు బియోర్నోయా దీవి మర్ పక్షులు 1986కీ 1987కీ మధ్య ఒకే చలికాలంలో 80 శాతానికి పైగా తగ్గిపోయాయి. అదే దీవి మీద ఉండే దగ్గరి బంధువు, బ్రూనిక్ మర్, పెద్దగా తగ్గలేదు. దానికి తిండిలో ఎంపిక ఎక్కువ. ఆ తర్వాత కూడా కేపెలిన్ కూలింది, కానీ అప్పుడు అంత నష్టం జరగలేదు. ఆ సమయాల్లో ప్రత్యామ్నాయంగా వేరే చేపలు ఉన్నాయి. మొదటిసారి అవీ లేవు.

మూడో వంతు

ఎంత చేప మిగిలితే పక్షికి సరిపోతుంది? 2011లో ఫిలిప్ క్యూరీ నాయకత్వంలో వచ్చిన పరిశోధన దీనికి ఒక అంకె చెప్పింది. 7 సముద్ర వ్యవస్థలు, 14 పక్షి జాతులు, అన్నీ కలిపి 438 సంవత్సరాల పరిశీలనలు. ఎక్కడ చూసినా గీత ఒకేలా వచ్చింది. చేప పుష్కలంగా ఉన్నంత కాలం కొంచెం పెరిగినా తగ్గినా పిల్లల సంఖ్యలో తేడా రాదు. గీత సమతలంగా పోతుంది. దీర్ఘకాలంలో చూసిన అత్యధిక చేపల రాశిలో మూడో వంతు కంటే కిందకి పడితే మాత్రం గీత ఒక్కసారిగా కిందకి వంగుతుంది. పెంగ్విన్ నుంచి టర్న్ దాకా ఇదే వంపు.

ఈ అంకెను వేదవాక్యంలా పట్టుకోవడం మంచిది కాదు. మూడో వంతు మిగిలినా అది పక్షి చేరలేని చోట ఉంటే ఉపయోగం లేదు. ఇంతకుముందు చెప్పుకున్న తాడు లెక్క ఈ అంకెలో పట్టదు. అయినా దీని విలువ తక్కువేం కాదు. 'పక్షులకు కొంచెం వదలండి' అనే వేడుకోలు స్థానంలో ఒక గీత దొరికింది, కోటా నిర్ణయించే బల్ల మీద పెట్టగలిగే గీత.

ఆ బల్ల దగ్గర పక్షి వాటా ఎలా మారిందో కూడా లెక్కగట్టారు. 1970-89 మధ్య సముద్ర పక్షులు ఏటా సుమారు 7 కోట్ల టన్నుల ఆహారం తినేవి. 1990-2010 నాటికి అది 5.7 కోట్ల టన్నులకు తగ్గింది. అవే రకాల జీవులను మనుషులు పట్టడం అదే కాలంలో 5.9 కోట్ల టన్నుల నుంచి 6.5 కోట్ల టన్నులకు పెరిగింది.

బ్రిటన్ 2024 మార్చిలో నార్త్ సీలోని ఇంగ్లండ్ జలాల్లోనూ, స్కాట్లాండ్ జలాలన్నింటిలోనూ శాండ్‌ఈల్ వేటను పూర్తిగా ఆపేసింది. ఆ వేటలో ప్రధాన వాటా డెన్మార్క్ పడవలది కాబట్టి యూరోపియన్ యూనియన్ దీన్ని మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి తీసుకెళ్లింది. 2025లో తీర్పు వచ్చింది. ఇంగ్లండ్ జలాల విషయంలో ఎదుటి పక్షం హక్కులను సరిగ్గా తూచలేదని తప్పుపట్టింది గానీ, శాస్త్రీయ ఆధారం లేదన్న వాదనను అంగీకరించలేదు. నిషేధం కొనసాగుతోంది. శాండ్‌ఈల్ విషయంలో ఈ పట్టుదల సరైనదే. ఎదిగిన శాండ్‌ఈల్ తన ఇసుక దిబ్బను వదిలి పెద్దగా తిరగదు. చలికాలమంతా అదే ఇసుకలో కూరుకుని ఉంటుంది. ఒక దిబ్బను ఊడ్చేస్తే పక్క దిబ్బ నుంచి వచ్చి నింపేవి తక్కువ.

వేడినీటి బిగింపు

పడవలను ఆపినంత మాత్రాన అన్నీ సర్దుకోవని అలాస్కా చూపించింది. 2014 నుంచి 2016 దాకా ఈశాన్య పసిఫిక్‌లో భారీ వేడినీటి మడుగు నిలిచిపోయింది. పత్రికలు దాన్ని 'ద బ్లాబ్' అన్నాయి. 2015-16 చలికాలంలో మర్ పక్షుల కళేబరాలు తీరాలకు కొట్టుకొచ్చాయి. లెక్కపెట్టినవే సుమారు 62,000. ఒళ్లు ఎండిపోయి, కడుపు ఖాళీగా. మర్ రోజుకు తన బరువులో సగం దాకా చేప తినాలి. మూడు నాలుగు రోజులు తిండి దొరక్కపోతే ప్రాణం నిలవదు.

అక్కడ జరిగింది రెండు వైపుల నుంచి బిగింపు. వేడికి ప్లవకాలు మారి చిరుచేపలు చిన్నవై, బక్కచిక్కి, తగ్గాయి. అదే వేడికి కాడ్, పొలాక్ లాంటి పెద్ద చేపల ఒంట్లో జీవక్రియ పెరిగి వాటి ఆకలి పెరిగింది. అవి శీతరక్త జీవులు, నీరు ఎంత వేడెక్కితే అంత తినాలి. తగ్గిన చిరుచేపను పెరిగిన ఆకళ్లు పంచుకున్నాయి, మర్‌కు మిగల్లేదు. మొదట్లో 5 నుంచి 10 లక్షల పక్షులు చనిపోయి ఉంటాయని అంచనా వేశారు. స్థావరాలను ఏళ్ల తరబడి లెక్కపెట్టాక 2024లో వచ్చిన పరిశోధన ఆ సంఖ్యను సుమారు 40 లక్షలుగా తేల్చింది, అంటే అలాస్కాలోని మర్ పక్షుల్లో సగం. ఆ తర్వాతి ఏళ్లలో కూడా అవి కోలుకుంటున్న జాడ లేదు.

పాత గుర్తులు, కొత్త సముద్రం

సముద్రం మీద దారి చూపే గుర్తులు పక్షికి పుట్టుకతోనే వస్తాయి. ప్లవకాలను సూక్ష్మ జీవులు మేస్తున్నప్పుడు డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు గాల్లోకి లేస్తుంది. కొన్ని సముద్ర పక్షులు ఆ వాసన పట్టుకుని వస్తాయని గాబ్రియెల్ నెవిట్ బృందం 1995లో చూపింది. ఆఫ్రికన్ పెంగ్విన్లు కూడా ఆ వాసనకు స్పందిస్తాయి. వాసన ఉందంటే ప్లవకాలున్నాయి, ప్లవకాలుంటే చేప ఉంటుంది. వేల తరాలు ఇది నిజమే.

బెంగ్వేలాలో ఈ నిజం తెగిపోయింది. నమీబియా తీరంలో సార్డైన్లు మితిమీరిన వేటకు 1970ల నాటికి కుప్పకూలాయి, ఆ స్థానంలో జెల్లీ చేపలు, పోషణ తక్కువున్న గోబీ అనే చిన్న చేపలు నిండాయి. దక్షిణాఫ్రికాలో మిగిలిన సార్డైన్లు వేడికీ వేటకూ పశ్చిమ తీరం వదిలి తూర్పుకు జరిగాయి. దీవులు జరగలేదు. మొదటిసారి సముద్రంలోకి దిగిన పెంగ్విన్ పిల్లలకు ట్రాన్స్‌మీటర్లు కట్టి చూస్తే, అవి చల్లని నీరు, ప్లవకాల పచ్చదనం ఉన్న చోటికే వందల కిలోమీటర్లు ఈదుకుంటూ పోతున్నాయి. గుర్తులన్నీ సరిగ్గానే ఉన్నాయి. అక్కడ చేప లేదు. 2017లో వచ్చిన ఈ పరిశోధన దాన్ని జీవావరణ ఉచ్చు అని పిలిచింది.

పెద్ద పెంగ్విన్లకు ఇంకో కష్టం ఉంది. ఏటా ఒకసారి ఒంటి మీది ఈకలన్నీ ఒకేసారి రాలి కొత్తవి వస్తాయి. ఆ మూడు వారాలు నీళ్లలోకి దిగలేవు, ముందే తిని పోగేసుకున్న కొవ్వు మీద బతకాలి. ఈకలు రాల్చే ముందు కడుపు నిండకపోతే గట్టు మీదే ఎండిపోతాయి. గత శతాబ్దం మొదట్లో లక్షల్లో ఉన్న ఆఫ్రికన్ పెంగ్విన్లలో ఇప్పుడు గూళ్లు కట్టే జంటలు 10,000 లోపే. 2024 అక్టోబరులో వాటిని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలోకి మార్చారు.

దీవుల చుట్టూ వేట ఆపితే ఉపయోగం ఉంటుందా అని 2008 నుంచి కొన్ని దీవుల దగ్గర సుమారు 20 కిలోమీటర్ల మేర ఆపుతూ, తెరుస్తూ పరీక్షించారు. వచ్చిన మేలు ఉంది, కానీ చిన్నది. ఆ చిన్నది ఎంత చిన్నదన్న దాని మీద పదేళ్లకు పైగా వాదనలు నడిచాయి. పెంగ్విన్లు ఏటా తగ్గుతూనే పోయాయి. కొలత పక్కాగా తేలేదాకా ఆగుదామన్న ఆ నిదానం, ఖర్చును పూర్తిగా పక్షి నెత్తిన వేసింది. చివరికి పక్షి సంరక్షణ సంస్థలు కోర్టుకెళ్లాయి. 2025 మార్చిలో చేపల పరిశ్రమతో కుదిరిన రాజీని ప్రిటోరియా హైకోర్టు ఉత్తర్వుగా మార్చింది. రోబెన్, డాసెన్, డయ్యర్, సెయింట్ క్రోయిక్స్, బర్డ్ దీవులు, స్టోనీ పాయింట్. ఈ ఆరు స్థావరాల చుట్టూ పదేళ్ల పాటు సార్డైన్, నెత్తళ్ల వేట ఉండదు.

పెంగ్విన్ పిల్ల గూడు కట్టే వయసుకు రావడానికి దాదాపు నాలుగేళ్లు పడుతుంది. ఈ హద్దుల లోపల పుట్టిన పిల్లలు జంటల లెక్కలోకి వచ్చేది ఆ తర్వాతే, సముద్రంలోని ఆ ఉచ్చును దాటి వస్తే. అంతవరకూ చూడాల్సినవి వేరే ఉన్నాయి: ఉదయం నీళ్లలోకి దిగిన తల్లి తిరిగి రావడానికి పట్టిన గంటలు, పిల్ల బరువు, ఈకలు రాల్చే ముందు పెద్ద పక్షి ఒంట్లో చేరిన కొవ్వు.